సర్పికి రెండు మందులు

శనివారం రాత్రి, జహీరాబాద్

సర్పి తెచ్చే హెర్పిస్ వైరస్ ఈరోజు మా ల్యాబ్‌లో నా చేతిలో ఓడిపోయింది. కణాలు పెంచిన పలకలో, ఒక్కో మందు విడిగా వేసిన వరుసల్లో వైరస్ కొంచెమే తగ్గింది. రెండూ సగం సగం మోతాదులో కలిపిన వరుసలో మాత్రం జాడే లేదు. మందుల దెబ్బకు కణాలే చచ్చిపోయాయేమోనని భయపడి మళ్లీ చూశాను. నిక్షేపంగా ఉన్నాయి. సోమవారం మళ్లీ చేయమంది మా గైడ్ మేడమ్. అప్పుడూ ఇలాగే వస్తేనే నమ్మాలట.

హైదరాబాద్ బస్సు దిగి ఇంటికి రాగానే నాయనమ్మకు చెప్పాను. పోయినేడాది నడుముకు సర్పి లేచి నెల రోజులు నిద్రలేని మనిషి.

"గిదేం కొత్త బిడ్డా? నేను అప్పుడే కలిపిన. దవాఖాన గోలీలు మింగుకుంటనే సర్పికి మందేసే కుమ్మరాయనతోని జాజు, గదే ఎర్రమన్ను, పూయించుకున్న. డాక్టరుకూ చెప్పలే, ఆయనకూ చెప్పలే."

"మరి దేనితో తగ్గింది?"

"గదే తెల్వదు. నీకెట్ల తెలిసింది?"

విడి వరుసలు పెట్టింది అందుకేనని చెప్పాను. నడుము తడుముకుంది.

"అయితే జాజు సగం నడుముకే పూయించుకునేది ఉండె."

ఈ సంగతి ఒంటబట్టడానికి ల్యాబ్‌లో నాకు రెండేళ్లు పట్టింది.