నదికి అప్పగించిన రిషాతు

సిమాను నెల, 9
తమ్ముడు వరద్‌కూబి ఇవాళ న్యాయాధికారుల ముందు నిలబడి, రిషాతు చేతబడి చేసి తన కూతుర్ని చంపిందన్నాడు. ఆ మాట మట్టి పలక మీద రాసింది నేనే. సిప్పర్ నగరంలో సూర్యదేవుడి కోవెల ఆడవాళ్ళలో తీర్పులు రాసే పని నాది. ఒక గుర్తు తప్పు పడింది. తడి మట్టి పూసి మళ్ళీ దిద్దాను.

రిషాతు వాడి పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. నా చిన్ననాటి స్నేహితురాలు. తల్లిలేని ఆ పిల్లకు జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చింది. మూడో రోజు పాప పోయింది. సాక్షులు లేరు, రుజువు లేదు. అందుకని నది పరీక్ష: ఆమె దూకాలి, నదీదేవుడు తేల్చాలి.

10
శాసనం నాకు కంఠతా వచ్చు. ఆమె మునిగితే ఆమె ఇల్లు నింద వేసినవాడిది. తేలి ఒడ్డుకొస్తే వాడికి చావు, వాడి ఇల్లు ఆమెది.

ఎటు చూసినా నాకొక శవం.

10, సాయంత్రం
తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు నేనూ రిషాతూ నదికి అడ్డంగా ఈదేవాళ్ళం, దానికి ఈత వచ్చు, ఫిర్యాదు వెనక్కి తీసుకోమన్నాను. వాడు కోప్పడలేదు.

"నదీదేవుడు పట్టుకుంటే ఈత ఏం చేస్తుందక్కా?" అన్నాడు.

వాడికి ఆమె ఇంటి మీద ఆశ లేదు. నిజంగా నమ్ముతున్నాడు. అదే నా ఏడుపు.

12
బాబిలోనుకు, రాజుగారికి విన్నపం పంపుదామని పెద్ద న్యాయాధికారిని బతిమాలాను. ఆయన కోవెల ముంగిట్లోని నల్లరాయి చూపించాడు. దాని మీద చెక్కిన బొమ్మల్లో కూర్చున్న సూర్యదేవుడు షమాష్, ఎదురుగా నోటి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డ రాజు.

"రాజుకు చెప్పింది దేవుడు. ఆ దేవుడికి నువ్వు చెప్తావా అమ్మా? ఇంటికెళ్ళు."

ఆ రాయి మీది శాసనానికి ఎన్ని నకళ్ళు రాశానో. రాజు చెయ్యి నోటి దగ్గర ఎందుకుందో ఇవాళే ఆలోచించాను.

13
రిషాతును చూడనిచ్చారు. ఏడుస్తుందనుకున్నాను.

"నేను మునిగితే నీ తమ్ముడు బతుకుతాడు, తేలితే చస్తాడు. నీకేది కావాలే? నోరు తెరువు" అంది.

తెచ్చిన రొట్టె మూట విప్పి ఆమె ముందు పెట్టాను.

"చెప్పకులే. నాకు మాత్రం బతకాలనుంది."

15
దూకింది. లోపలికి పోయింది. తల కనబడలేదు. ఆ కాసేపు నేనేం కోరుకున్నానో ఇక్కడ కూడా రాయను.

బాగా దిగువన రెల్లు పట్టుకుని పాకుతూ పైకొచ్చింది. జనం షమాష్ పేరు అరిచారు. భటులు తమ్ముడి చేతులు కట్టారు. వాడు పెనుగులాడలేదు. నావైపు తిరిగి, ఏమీ తెలియని పిల్లాడిలా, "అయితే పాపను చంపిందెవరక్కా?" అన్నాడు.

17
వాడు లేడు.

20
తమ్ముడి ఇల్లు ఆమెకిచ్చే పలక నేనే రాశాను. రిషాతు గుర్తుగా వేలిగోరు నొక్కింది. పొద్దుటి నుంచి తమ్ముడి ఇంటి గడప మీద కూర్చునుంది, లోపలికి వెళ్ళదు. వెళ్ళాను. జరిగి నాకు పక్కన చోటిచ్చింది.