గోడ తిన్న చొక్కాలు

ఈ వీధిలో అందరూ టేపక్క అని పిలిచే నేను, వయసు అరవై మూడు, వృత్తి దర్జీ పని, నా తదనంతరం నా వాళ్ళు కొట్టుకోకుండా ఉండాలని రాయించుకుంటున్న వీలునామా ఇది. గుండె డాక్టరు మొహం చిట్లించాడు కాబట్టి ఇప్పుడే రాయిస్తున్నాను. నా మతి నిలకడగా ఉంది. వకీలుగారి ఎదుట సూదిలో దారం మొదటిసారే ఎక్కించాను. ఎవరూ నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం తెస్తే అది నాది కాదు.

1. మా నాన్న నుంచి వచ్చిన కుట్టుషాపులో నా సగం, అంటే ఫ్యాను ఉన్న వైపు, నా కూతురికి సర్వహక్కులతో చెందాలి. నా కాలు మిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం కూడా దానికే.

అమ్మాయీ, నీకు ఒక సంగతి చెప్పాలి. నువ్వు ఐదో తరగతిలో బడి వేదికెక్కి పాట పాడిన రోజు నేను రాలేదు. పని ఉందే అన్నాను. ఆ పని ఏమిటో నీకెప్పుడూ చెప్పలేదు. పన్నెండు చొక్కాలకు గుండీలు దూర్చే కాజాలు కుడుతూ కూర్చున్నాను. అదే సమయంలో షాపు మధ్య గోడకు అవతల మీ మామయ్య, అంటే నా తమ్ముడు, తనకు ఒక పట్టాన లొంగని కాలరుతో కుస్తీ పడుతున్నాడు. ఆ పాట నేను ఇప్పటికీ వినలేదు. నువ్వు నాకంటే బాగా కుడతావు. అన్నీ వచ్చు కదా అని అన్నీ నువ్వే నెత్తినేసుకోకు.

2. షాపు మధ్యలో ఉన్న నాలుగంగుళాల ఇటుక గోడను, నేను పోయాక నెల తిరక్కముందే కూల్చాలి. కూల్చిన ఖర్చు, ఇటుకలు మోయించిన ఖర్చు నా డబ్బులోంచి పెట్టాలి.

ఈ గోడ ఎలా లేచిందో రాయకపోతే తప్పంతా తమ్ముడి మీదికి పోతుంది. ఇరవై ఏళ్ళ కిందట బడి యూనిఫాం చొక్కాల పెద్ద బేరం వచ్చింది. తమ్ముడు కుట్టిన కాలరు ఒక పక్కకు ఎక్కింది. బేరం ఇచ్చిన మేష్టారి ముందే ఆ కుట్టు పరపరా విప్పేసి, “కుట్టడమైనా కాజాలైనా నీకంటే ముందు నేనే చేసేస్తాను. ఇంక నువ్వెందుకురా నాకు?” అన్నాను. మూడో రోజు వాడు ఇటుకలు దింపించి గోడ కట్టించాడు. కిటికీ వాడి వైపు పోయింది, ఫ్యాను నా వైపు ఉండిపోయింది. అప్పటి నుంచి నేను పట్టపగలు లైటు వేసుకొని కుడుతున్నాను, వాడు చెమటలు కక్కుతూ కుడుతున్నాడు.

నేను అన్నదాంట్లో అబద్ధం లేదు. రెండు పనుల్లోనూ వాడికంటే నా చెయ్యి ఎప్పుడూ ముందే. కానీ దాని నుంచి నేను తీసిన అర్థం తప్పు. ఆ తప్పు ఎక్కడుందో నాకు చూపించింది వాడి కూతురే.

3. ఆ మేనకోడలికి నా బీరువా లోపలి తలుపుకు అంటించి ఉన్న ఖాకీ కాగితం చెందాలి.

అది గోడ కట్టాక పుట్టిన పిల్ల. గోడంటే దానికి లెక్కలేదు, రెండు వైపులా తిరుగుతుంది. పోయినేడు ఎకనామిక్స్ పరీక్షకు చదువుకుంటూ వచ్చి, “అత్తా, రోజంతా కుట్టడమే అయితే ఎన్ని చొక్కాలు కుడతావు? రోజంతా కాజాలే అయితే ఎన్నిటికి?” అని అడిగింది. కుట్టడమే అయితే ఆరు, కాజాలే అయితే పన్నెండు చొక్కాలకు అన్నాను. వాళ్ళ నాన్నను అడిగొచ్చింది. వాడికి కుట్టడం రెండు, కాజాలు పది. నేను కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద నిలువుకు కుట్టే చొక్కాలు, అడ్డానికి కాజాలు వేసి, నా రోజు పనికి ఒక ఏటవాలు గీత గీసింది. గీత లోపల ఉన్నామంటే బద్ధకించినట్టట. గీత మీద ఉంటే, ఒకటి పెరగాలంటే రెండోది తగ్గాల్సిందేనట. గీత దాటి బయటికి పోవడం ఒంటరిగా ఎవరి తరమూ కాదట. ఇదంతా నాకు తెలిసిందే, చదువు లేకపోయినా.

తర్వాత అది అడిగింది మాత్రం నాకు ఎప్పుడూ తట్టలేదు. ఒక చొక్కాకు కాజాలు కుట్టినప్పుడల్లా నువ్వు ఏం వదులుకుంటున్నావు అంది. లెక్క వేస్తే అర చొక్కా. మరి తమ్ముడు? వాడు వదులుకునేది చొక్కాలో ఐదో వంతే. చెయ్యి నాది ముందు. కాజాలు మాత్రం నాకు ప్రియం, వాడికి చవక.

ఎవరికి వారుగా మొత్తం పని చేసుకుంటే, మూడు రోజుల్లో నావి పన్నెండు చొక్కాలు, వాడివి ఐదు, వెరసి పదిహేడు. అదే నేను కుట్టడమొకటే పట్టుకుంటే పద్దెనిమిది. వాడు రెండు రోజుల్లో ఇరవై చొక్కాలకు కాజాలు ముగించి, మూడో రోజు రెండు చొక్కాలు కుడితే మొత్తం ఇరవై. ఎవరూ ఒక్క నిమిషం ఎక్కువ కష్టపడకుండానే మూడు చొక్కాలు ఎక్కువ. రోజుకో చొక్కా. ఏడాదికి మూడువందల పనిరోజులు వేసుకున్నా, ఇరవై ఏళ్ళలో ఆ గోడ ఆరువేల చొక్కాలు తినేసింది. మేనకోడలు గీత బయట ఒక చుక్క పెట్టి, మీరిద్దరూ ఇక్కడ ఉండాల్సినవాళ్ళు అంది. ఆ కాగితాన్ని తీసి బీరువా తలుపు లోపల అంటించుకున్నాను.

4. మా నాన్న పెద్ద కత్తెర మా తమ్ముడికి చెందాలి.

నాన్న పోయే ముందు దాన్ని నా చేతిలో పెట్టాడు. తమ్ముడు మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. వాడు ఎన్నడూ దాన్ని అడగలేదు. చిన్నప్పుడు మాత్రం నాన్న చూడకుండా తీసి, ఉత్త గాలిని కత్తిరిస్తూ ఉండేవాడు. ఒరేయ్, ఆ రోజు మేష్టారి ముందు ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. నీ ఎదురుగా నిలబడి ఇది చెప్పే ధైర్యం లేక వకీలుగారికి ఫీజు కడుతున్నాను.

5. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మేనకోడలిది. మా ఇంట్లో లెక్క తెలిసిన మనిషి అదొక్కతే.

చేర్పు, ఇదే రోజు: సంతకాల దగ్గర పని ఆగింది. సాక్షిగా తమ్ముణ్ణి పిలిపించమన్నాను. వీలునామాలో ఏదైనా పొందేవాడు సాక్షి సంతకం పెడితే వాడికి రాసింది చెల్లదని వకీలుగారు చెప్పారు. వాడి సంతకమో, వాడికి కత్తెరో, ఏదో ఒకటే. నాకు తేలక, మేనకోడలితో ఈ వీలునామా కాగితమే పంపి వాణ్ణే తేల్చుకోమన్నాను.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి వాడు నా వైపు గుమ్మం ఎక్కాడు. భుజం మీద తెల్లదారం ముక్క ఉంది. నీ గుండెకేమైందని ముందు అడిగాడు. తర్వాత, “కత్తెర వద్దులే అక్కా, సంతకం పెడతా,” అన్నాడు. నేను ఏడ్చాను. అది రాయనక్కర్లేదని వకీలుగారు అన్నారు, నేను రాయమన్నాను.

కాబట్టి నాలుగో అంశం కొట్టివేయడమైనది. రెండో అంశం కూడా కొట్టివేయడమైనది, ఎందుకంటే “నువ్వు పోయేదాకా ఆగడం ఎందుకు, రేపే కూలగొట్టిద్దాం,” అన్నాడు. తాపీమేస్త్రీ ఉదయం ఎనిమిదింటికి వస్తాడు.

వాడి సంతకం ఆరాక కత్తెర తీసి వాడి చేతిలో పెట్టాను. బతికుండగా చేతికిచ్చినదానికి వీలునామాతో పని లేదట, వకీలుగారు నవ్వుతూ ఒప్పుకున్నారు. దాంతో బట్టే కోస్తాడో, మళ్ళీ గాలినే కోస్తాడో వాడిష్టం. దీనికి నేను వదులుకున్నది ఏమిటో నాకు తెలుసు. వేరే కత్తెర నా చేతికి పట్టదు, ఇకమీదట నేను బట్ట కోయను. కోతా కుట్టూ నాకంటే బాగా వచ్చిన నా కూతురు చూసుకుంటుంది. రేపటి నుంచి నేను తమ్ముడి కాజాలకు గుండీలు కుడతాను.

తేదీ: పదకొండు, గురువారం, మధ్యాహ్నం.

సంతకం: టేపక్క

సాక్షులు:
1. ఎదురు వరుసలో ఇస్త్రీ చేసే పెద్దాయన
2. తమ్ముడు