లేనివాళ్ల గడి

మైపాడు,
24 జూన్ 2025.

ఉషక్కకు,

తమ్ముడు పెంచలకృష్ణ క్షేమంగా ఉండి రాసేది. బుచ్చిరెడ్డిపాలెంలో నువ్వు, అమ్మ, నాన్న బాగున్నారని తలుస్తాను. ఫోన్లో అయితే నాకు కోపమే ముందొస్తుందని ఉత్తరం పట్టుకున్నాను.

నేను చేరిన వేసవి ఫెలోషిప్ ఏమిటో నీకు సరిగా చెప్పనే లేదు. డిగ్రీ చదివేవాళ్లను కొందరిని ఎంచుకుని, ఊళ్లలో అసమానతలు ఎట్లా ఉన్నాయో, పథకాలు ఎవరికి అందుతున్నాయో చూసి రమ్మని ఒక సంస్థ పంపుతుంది. నన్ను ఇక్కడి మత్స్యకారుల పాలేనికి వేశారు. రెబెక్కమ్మ అనే ఒంటరి ముసలావిడ ఇంట్లో ఉంటున్నాను. రోజూ చేపల పులుసే. భోజనానికి సంస్థ ఇచ్చే డబ్బు ఇవ్వబోతే, ఇంటికొచ్చినోళ్ల కాడ తీసుకుంటారా అని కసిరింది.

నిన్న నా పని ఏమిటంటే, ఇసుకలో మూడు గడులు గీసి, ఉన్నవాళ్లు, మధ్యరకం, లేనివాళ్లు అని చెప్పి, ఇంటికొక గవ్వ వేయించాలి. లేనివాళ్లుగా తేలిన ఇళ్లకే సంస్థ సాయం చేస్తుంది. మొదట రెబెక్కమ్మే లేచి తన గవ్వను ఉన్నవాళ్ల గడిలో వేసింది. ఆ వెనక అందరిదీ అదే దారి. లేనివాళ్ల గడి ఖాళీగా మిగిలింది.

నాకు ఒళ్లు మండింది. దోపిడీ, వర్గం, హక్కు అంటూ కరపత్రాల్లో చదివిందంతా ఒక్క ఊపున చెప్పేశాను. పడవ యజమాని హజరత్తయ్య ఓపిగ్గా విని, నీకంటే లేనోడు ఈడ ఎవురబ్బయ్యా, కన్నతల్లిని వదిలి ఎండన పడి తిరగతా ఉండావు అని, నా పేరున ఒక గవ్వ తెచ్చి ఆ గడిలో వేశాడు. అంతా నవ్వారు. అరిచి అరిచి గొంతెండింది, వాడికి నీళ్లియ్యండి అన్నది రెబెక్కమ్మ.

సంస్థ మేడమ్‌కు ఫోన్ చేస్తే, గురువారానికి జాబితా రాకపోతే ఈ పాలేన్ని సాయం నుంచి తీసేస్తాం, నువ్వే చూసి నింపెయ్యి అన్నారు. నింపనని గట్టిగా చెప్పాను. ఇంకా గట్టిగా చెప్పేవాణ్ని గానీ ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది.

ఈ పొద్దున పడవలు ఒడ్డుకు చేరుతుంటే చూశాను. అమ్మకం మొదలు కాకముందే కొన్ని చేపలు పక్కకు తీసి కొన్ని ఇళ్లకు పంపుతున్నారు. అడిగేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. సాయంత్రం మళ్లీ అందరినీ కూర్చోబెట్టి, ఉన్నోళ్లు లేనోళ్లు అనే మాట ఎత్తకుండా, వల సరిగా పడని రోజు కూడా మొదటి చేపలు ఎవరింటికి పంపుతారని మాత్రం అడిగాను. హజరత్తయ్య తల వంచుకుని ఒక ఇంటి పేరు చెప్పాడు. ఎవరూ కాదనలేదు. ఆ తరవాత మిగతా పేర్లు వచ్చాయి. జాబితా రేపు పంపేస్తాను.

వేళకు తింటున్నానని అమ్మకు చెప్పు.

నీ తమ్ముడు,
పెంచలకృష్ణ

తా.క. హజరత్తయ్య మొదట చెప్పింది రెబెక్కమ్మ ఇల్లే అక్కా. ఆమె అక్కడే కూర్చుని ఉంది. ఇన్నాళ్లూ ఆమె నాకు వండిపెట్టింది ఆ చేపలే. ఇంటికి నడిచి వస్తూ, నీ పేరు రాయనా అని ఎట్లా అడగాలా అని చూస్తున్నాను. ఆమే అన్నది, రాసుకో అబ్బయ్యా, అందరికీ తెలిసిందే గదా, అయితే ఈ పూట నుంచి అన్నం కాడ చాలు చాలని సగంలో లేచినావంటే మాత్రం ఆ కాగితం పొయ్యిలో పెడతా అని.