గోడ అక్కది, వాన నాది

బేగంపేట,
శుక్రవారం

హదస్సా అక్కా,

ఫోన్లో థాంక్స్ చెబితే నవ్వి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

నువ్వు మన ఆఫీసు మానేసిన వారానికే, గేము కోసం నువ్వు కంప్యూటర్లో చేసిన రాతిగోడను వానలో తడిసినట్టు మార్చమని నాకిచ్చారు. ఫైలు తెరిస్తే రంగు మార్చే మీట ఒక్కటే ఉంది, తడి కలిపే దారే లేదు. ఇంకా ఖాయం కాని కొత్త ఉద్యోగం ఊడినట్టే అనుకుని నీకు ఫోన్ చేశాను.

"పరేషాన్ గాకు. నువ్వు తెరిచింది బయటికిచ్చే ఫైలు. దాంట్ల నేను వదిలిన మీటలే కనిపిస్తయి. గోడ ఎట్ల చేసిన్నో మొత్తం పని ఫైల్ల ఉంటది. నా ఫోల్డర్ల చూడు," అన్నావు.

చూశాను. పగుళ్లు, నాచు, సున్నం ఎలా కలిపావో అంతా విప్పి ఉంది. కుదరక వదిలేసిన ప్రయత్నాలు కూడా పక్కనే ఉన్నాయి. అంత పనిమంతురాలివైనా వాటిని చెరిపేయలేదు. ఎందుకు కుదరలేదో కింద రాసిపెట్టావు. అవి చదివాకే తడి ఎక్కడ కలపాలో నాకు తెలిసింది.

మా టీమ్ లీడ్ తిరుమల్ సార్ తడిసిన గోడను చాలాసేపు చూసి, "నువ్వే చేసినవా?" అన్నారు.

"గోడ హదస్సా అక్కది సార్. వాన నాది."

"అయితే వానను ఇక్కడనే ఉండనీ," అన్నారాయన.

ఉద్యోగం ఖాయమైందక్కా.

నీ పక్క సీట్లో పని నేర్చుకున్న చెల్లి