రెండోసారి బోర్లించిన బాన

మోర్లీ,
మార్చి 9, 1974

క్లిఫర్డ్‌కు,

ఇక్కడ నేను, బాట్లీలో మన అమ్మాయి జానెట్ క్షేమం. నీ తమ్ముడు విల్ఫ్ కూడా ప్రస్తుతానికి క్షేమమే. నీ ఓడ లిస్బన్ చేరిందని, నీ దగ్గు తగ్గిందని తెలిసి సంతోషించాను.

అడిగినవాటికి జవాబులు. పొగగొట్టం బాగు చేయించాను. విట్‌బీలో మా అక్కకు తుంటి ఎముక అతుక్కుంది, చేతికర్రతో నడుస్తోంది. అందుకే పోయిన వారం ఇంటికి వచ్చేశాను. పెరట్లో నీకిష్టమైన పుల్లటి కాడల రూబార్బ్ ఎలా ఉందని ఒకే ఉత్తరంలో రెండుసార్లు అడిగావు. చచ్చిపోయింది.

అది మా అమ్మ ఇచ్చిన దుబ్బు. నేను కాపురానికి వచ్చేటప్పుడు తన దుబ్బును పారతో చీల్చి, తడి గోనెలో చుట్టి నా ఒళ్లో పెట్టింది. జానెట్ సొంతింట్లోకి మారింది కనుక ఈ వసంతంలో దాని వాటా దానికి చీల్చి ఇవ్వాలి. ఇది నీకు తెలుసు. పోయినేడు చలికాలం ఆ దుబ్బు మీద బాన బోర్లించి, చీకట్లో లేత కాడలు తీశాం. అలా తీశాక దుంప నీరసిస్తుంది, మళ్లీ రెండేళ్లు బాన పెట్టకూడదు. ఇదీ నీకు తెలుసు.

వచ్చి చూస్తే బాన మళ్లీ బోర్లించి ఉంది. ఎత్తాను. దారాల్లాంటి పాలిపోయిన కాడలు నాలుగు. వేలితో నొక్కితే దుంప నడిమి భాగం మెత్తగా లోపలికి దిగిపోయింది. కుళ్లు వాసన.

గోడ మీదుగా పక్కింట్లో ఉన్న విల్ఫ్‌ను పిలిచాను. టీ కప్పుతో వచ్చాడు.

"ఈ బాన ఎవరు పెట్టారు?"

"నేనే వదినా. వెచ్చగా ఉంటుందని చుట్టూ గుర్రపు లద్దె కూడా వేశా. మెచ్చుకోళ్లేం వద్దులే."

"పోయినేడు పెట్టిన దానిమీదే మళ్లీ పెడతావా? పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనేగా, బుర్రేమైంది నీకు?"

"నన్నంటావేంటి! అన్నయ్యే చెప్పాడు. ఓడెక్కేముందు పబ్‌లో. 'ఈస్టర్‌కి వస్తా, కస్టర్డ్‌లో లేత కాడలు తినాలి. ఎడ్నా వాళ్లక్క దగ్గరికెళ్లాక పెట్టెయ్, తనుంటే ఒప్పుకోదు' అన్నాడు."

"ఒప్పుకోనని తెలిసే చెప్పాడన్నమాట."

"తెలిసే. బీరు కూడా పోయించాడు."

ఆ బీరు నీకు రుచిగానే ఉండి ఉంటుంది.

చచ్చిపోయిందని పైన రాశాను. అది పూర్తి నిజం కాదు. కుళ్లిందంతా కోసేశాక అంచున పిడికెడు గట్టి దుంప, దాని మీద ఒక్క ఎర్రటి మొగ్గ మిగిలాయి. మళ్లీ మన పెరట్లోనే పాతుకోవచ్చు. నేను పాతలేదు. తడి గోనెలో చుట్టి, నిన్న బస్సులో బాట్లీ తీసుకెళ్లాను. జానెట్ తన చేత్తోనే పాతుకుంది.

"నాన్న అడిగితే ఏం చెప్పనమ్మా?"

"ఈ ఏడాది ఒక్క కాడ కూడా లాగకూడదని చెప్పు."

"వచ్చే ఏడాది?"

"వచ్చే ఏడాదీ అంతే."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత నీ ఇష్టం. దుబ్బు నీది."

మన పెరట్లో గుంత అలాగే ఉంది. వచ్చాక నువ్వే పూడ్చు. ఈస్టర్‌కి కస్టర్డ్ చేస్తాను. ఉత్త కస్టర్డ్.

ఇట్లు,
జానెట్ వాళ్లమ్మ