బొంతతో పాటు లేచాను

బుజ్జమ్మా, ఇక్కడ అందరం తిని తిరుగుతున్నాం, బెంగపెట్టుకోకు. ఎండ మెత్తబడి చలిగాలి మొదలైంది. పొద్దున్నే వాకిట్లో రాలిన ఆకులు ఊడ్చేసి, కిటికీ దగ్గర కూర్చుని పాతచీరలతో నీ చిన్నదానికి బొంత కుడుతున్నాను. నిన్న పాలు పొంగుతున్నాయని గబుక్కున లేస్తే బొంత కూడా నాతోపాటే లేచింది. కట్టుకున్న చీరకే కలిపి కుట్టేశాను! "అత్తయ్యా, బొంత మిమ్మల్ని వదిలేలా లేదు" అని నీ మరదలు ఒకటే నవ్వు. నేనూ నవ్వేశాను గానీ, నా ఎడమకన్ను మసకేసింది. తెలిస్తే వీళ్ళు నన్ను సూది ముట్టుకోనివ్వరు. అది లేకపోతే రోజంతా ఏం చెయ్యను? నువ్వొచ్చి కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తమ్ముడికి చెప్పకు. నీ మోకాలినొప్పి తగ్గిందా? పచ్చదారం రీళ్ళు రెండు తే. పిల్లలకి చెవులు కప్పుతున్నావా? అందరూ చల్లగా ఉండండి.
అమ్మ

వదినా, కార్డు పోస్టులో వెయ్యమని నాకే ఇచ్చారు. చిరునామా సరిచూద్దామంటే అంతా కళ్ళబడింది. శుక్రవారం రండి, నా కళ్ళూ చూపించుకోవాలన్న వంకతో నేనూ వస్తాను, ఇద్దరం కలిసి తీసుకెళ్దాం. అప్పటిదాకా రోజూ నాలుగు సూదుల్లో దారం ఎక్కించి ఆవిడ డబ్బాలో పెడుతుంటాను. నేను చదివినట్టు మాత్రం అనకండి.