తంబుర బుర్రలకు దొరికిన ఇల్లు

బదలాపూర్,
ఆదివారం, 3వ తారీకు

చిరంజీవి సౌభాగ్యవతి కుమార్తె వసుధకు మీ బాబా ఆశీస్సులు.

ఇక్కడ నా ఒళ్ళు క్షేమం. మనసు సంగతి అడక్కు, అది పొయ్యి మీద మరిచిపోయిన పాలలా పొంగి కిందంతా మాడుతోంది. అక్కడ మిరజ్‌లో నువ్వు, అల్లుడు సదాశివ, నా మనవరాలు రేవా బాగున్నారనుకుంటాను. రేవాకి దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం. మామిడి తాండ్ర దానికి అందకుండా పైన పెట్టు. అది కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కుతుంది, కాబట్టి స్టూలు కూడా పైనే పెట్టు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అందులో మూడు ప్రశ్నలు వేశావు. దాదర్‌లో నీ కొత్త ఆసుపత్రి ఉద్యోగం కోసం నేను ఇక్కడ తీసుకున్న ఇల్లు స్టేషనుకి ఎంత దూరం, నీళ్ళు ఎలా వస్తాయి, పొద్దున రైల్లో కూర్చోవడానికి చోటు దొరుకుతుందా అని. మూడోదాని కింద గీత గీశావు. చిన్నప్పుడు బడి నుంచి నాకు చీటీలు రాసేటప్పుడు కూడా నీకు నిజంగా కావలసినదాని కిందే గీత గీసేదానివి. ఆ గీత చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

వరసగా చెబుతాను. నీళ్ళు బాగానే ఉన్నాయి, పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. స్టేషను పది నిమిషాల నడక అని ఇళ్ళ ఏజెంటు ప్రవీణ్ చెప్పాడు. వాన వెలిసిన రోజు చూసి, గొడుగు చేతికర్రగా పట్టుకుని నడిచాను. పాతిక నిమిషాలు పట్టింది. చెప్పుకి అంటిన బురద ఇంకో చెప్పంత అయింది. నేరుగా వాడి కొట్టుకెళ్ళి నిలదీశాను.

"పది నిమిషాలన్నావు కదరా?"

"కాకా, మీరు నడిచారా?" అన్నాడు, నేనేదో వెర్రిపని చేసినట్టు. "నేను స్కూటర్ లెక్క చెప్పాను."

"స్కూటర్ మీద వెళ్ళేదాన్ని నడక అంటార్రా?"

"అందరూ అలాగే అంటారు కాకా. నిజం చెబితే ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకి పోదు."

ఆ మాట చెప్పి నవ్వాడు. నాకు టీ కూడా తెప్పించాడు. తాగాను. కోపంలో ఉన్నా అల్లం టీ మానలేని మనిషిని కదా, అదే నా జాతకం.

ఇప్పుడు మూడో ప్రశ్న. పోయిన ఉత్తరంలో నేనేం రాశాను? కిటికీ పక్కన కూర్చుని దాదర్ దాకా వెళ్ళాను, దారిలో ఒక కునుకు తీశాను, ఈ రైలు మన పంఢర్‌పూర్ బస్సు కన్నా సుఖం అని రాశాను. అందులో అబద్ధం లేదు. కానీ అది ఆదివారం. ఆదివారమని మాత్రం రాయలేదు.

కావాలని దాచలేదు వసూ. నా బుర్రలో ఇంకా ముప్ఫై ఏళ్ళు కండక్టరీ చేసిన ఎర్రబస్సే తిరుగుతోంది. డిపోలోంచి బయటికొచ్చే బస్సు ఖాళీగా ఉంటుంది. మొదటి స్టాపులో ఎక్కినవాడికి సీటు గ్యారంటీ. మిరజ్ డిపోలో ఒక ముసలావిడ ఉండేది, బస్సు బయల్దేరడానికి గంట ముందే వచ్చి డ్రైవర్ వెనక సీట్లో కూర్చునేది. పక్క సీట్లో మేకపిల్లని కూర్చోబెట్టి దానికీ టికెట్ కొట్టమనేది. కొట్టకపోతే నన్ను తిట్టేది. "సీటు కావాలంటే మొదట్లో ఎక్కాలి నాయనా" అని నాకే పాఠం చెప్పేది. బదలాపూర్ నుంచే లోకల్ బయల్దేరుతుందని వినగానే నాకు ఆవిడే గుర్తొచ్చింది. మా అమ్మాయి మొదట్లో ఎక్కుతుంది, కూర్చునే వెళ్తుంది అనుకున్నాను.

బుధవారం పొద్దున ఏడింటికి వెళ్ళి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు వచ్చింది. ఖాళీగా కాదు, నిండుగా! దిగేవాళ్ళు ఒక్కరూ లేరు. లోపల అందరూ కూర్చునే ఉన్నారు, కొందరు అప్పుడే నిద్రపోతున్నారు కూడా. ఇదేమిటి, ఇంకా బయల్దేరని రైల్లోకి ఇంతమంది ఎక్కడినుంచి వచ్చారు?

ఎలాగో తోసుకుని ఎక్కాను. నేనెక్కిన పెట్టెకీ ఆడవాళ్ళ పెట్టెకీ మధ్య ఇనపజాలీ ఉంది. జాలీకి అవతల ఒకావిడ ఒళ్ళో పేపరు పరుచుకుని మెంతికూర తుంచుతోంది. ఆమె ముందు ఒక సన్నటి పిల్ల పైన కమ్మీ పట్టుకుని నిలబడింది.

"మావశీ, ఎక్కడ దిగుతావు?" అంది ఆ పిల్ల, సొంత పిన్నిని అడిగినట్టు.

"ఘాట్‌కోపర్."

"అయితే నువ్వు లేచాక నీ సీటు నాకని చెప్పు."

"ఠాణాలో ఎక్కే శకుంతలకి ముందే చెప్పాను. శకుంతల తర్వాత నువ్వు."

"శకుంతల కుర్లాలో కదా దిగుతుంది!"

"అయితే కుర్లా నుంచి కూర్చో. దాదర్ దాకా ఉన్న ఆ మూడు స్టేషన్లూ మహారాణిలా వెళ్ళు" అంది మావశి. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

జాలీలోంచి అడిగాను. "తల్లీ, ఈ రైలు ఇక్కడే కదా బయల్దేరింది, నీకు సీటు ముందే ఎలా దొరికింది?"

ఆమె తల ఎత్తకుండానే, "కొత్తా కాకా? నాది ఉల్లాస్‌నగర్. పొద్దున్నే ఇటు వచ్చే రైలెక్కి, బదలాపూర్ దాకా వెనక్కొచ్చి, దిగకుండా అలాగే కూర్చుని ముందుకెళ్తాను. అంబర్‌నాథ్ వాళ్ళూ అంతే" అంది.

"మరి బదలాపూర్ వాళ్ళో?"

"నిలబడతారు" అని ఆ సన్నపిల్లని చూపించింది. "మూడేళ్ళుగా నిలబడుతోంది. అడగండి."

కల్యాణ్ దాటాక ఆ పిల్ల నిలబడే నిద్రపోయింది. తల పక్కావిడ భుజం మీదికి వాలింది. ఆ పక్కావిడ కూడా నిలబడే ఉంది, కదలకుండా భుజం అలాగే ఉంచింది. కుర్లా దాకా ఆ ఒక్క దృశ్యాన్నే చూశాను. నర్సు డ్యూటీలో వార్డులో ఎనిమిది గంటలు నిలబడి వచ్చి ఇంట్లో కాళ్ళు గోడకి ఆనించి పడుకుంటావే, ఆ కాళ్ళు కనిపించాయి నాకు. నరాలు తాళ్ళలా ఉబ్బిన కాళ్ళు. వాటి మీద పోతూ రెండు గంటలు, వస్తూ రెండు గంటలు అదనంగా వేయడానికి నేనెవడిని?

అంబర్‌నాథ్‌లో ఉండే మా పాత డ్రైవర్ యశ్వంత్ దగ్గరికెళ్ళి మొత్తుకున్నాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఒరే ధోండ్యా, ముప్ఫై ఏళ్ళు జనానికి 'ముందుకి జరగండి, ముందుకి జరగండి' అని అరిచావు కదరా. ఇప్పుడు నిన్ను జరిపారు!"

వాడి ఇంట్లో భోజనం చేయకుండా లేచి వచ్చేశాను. ఇరవై రెండేళ్ళ స్నేహంలో మొదటిసారి. వాళ్ళావిడ బొంబిల్ చేప వేయించింది, వాసన వీధి మలుపు దాకా వెంట వచ్చింది. అయినా వెనక్కి తిరగలేదు.

అల్లుడి మీద కూడా కోపంగా ఉంది, రాయకపోతే నాకు నిద్ర పట్టదు. సదాశివ మంచివాడు. తను చేసిన తంబురకి తీగ బిగించి వింటున్నప్పుడు వాడి ముఖం చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. కానీ ఊరు మారే విషయంలో వాడు నాకు చెప్పింది రెండే మాటలు. "మీ ఇష్టం మామా" అన్నది మొదటిది. "బుర్రలకి గాలి తగిలే పొడి గది ఉండాలి మామా" అన్నది రెండోది. తంబురలు చేయడానికి పంఢర్‌పూర్ నుంచి ఏరి తెచ్చి ఎండబెట్టిన సొరబుర్రలు, చెమ్మ తగిలితే పాడవుతాయి, తెలుసు. అందుకే ఇంత దూరం వచ్చాను. మూడో అంతస్తు, రెండు వైపులా కిటికీలు. బుర్రలకి బ్రహ్మాండమైన గది దొరికింది. నీకు సీటు దొరకలేదు.

ఇక అసలు సంగతి. ఇంతసేపూ రైలు, మేక, చేప అంటూ తిప్పింది ఇది రాయలేకే. ఫోన్ చేద్దామని బూత్ దాకా రెండుసార్లు వెళ్ళాను. వెనక లైన్లో జనం. వాళ్ళు వింటుండగా కూతురితో ఈ మాట అనలేక తిరిగొచ్చేశాను.

నువ్విచ్చిన అధికార పత్రం పట్టుకుని, వచ్చిన మొదటి వారంలోనే నీ ఆసుపత్రి క్వార్టర్స్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ పింటో అనే ఆవిడ కాగితాలు చూసి, "మీ అమ్మాయికి ఒంటి గది వస్తుంది. వార్డు మెట్లు దిగి ఆవరణ దాటితే ఇల్లే" అంది. గది చూశాను. చిన్నదే. వరండా చివర నాలుగు ఇళ్ళకి కలిపి ఒక స్నానాలగది. నాకు రోషం వచ్చింది. డిపోల్లో, బస్సు టాపుల మీద పడుకుని నిన్ను చదివించింది దీనికోసమా అనిపించింది. పైగా బుర్రలు పట్టవు.

"వద్దండీ, మాకు పెద్ద ఇల్లు కావాలి" అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి, "మీకా, అమ్మాయికా?" అని అడిగింది.

వద్దని నీ తరఫున సంతకం పెట్టి, అటునుంచి అటే వచ్చి ఇక్కడ పదకొండు నెలల అద్దె కాగితం మీద ఇంకో సంతకం పెట్టాను. నీకు మాత్రం క్వార్టర్స్ ఖాళీ లేవని రాశాను. అదే నేను చెప్పిన అబద్ధం. ప్రవీణ్ పాతిక నిమిషాలని పది చేశాడు. నేను ఉన్న గదిని లేకుండా చేశాను. వాడి కన్నా నేనే పెద్ద ఏజెంటుని.

శుక్రవారం మళ్ళీ పింటో గారి దగ్గరికెళ్ళాను. నన్ను చూసి గుర్తుపట్టింది. "పెద్ద ఇల్లు ఎలా ఉంది?" అంది. గది సంగతి అడిగాను. గది ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. పన్నెండో తారీకు దాకా ఆపుతానంది. "కానీ ఈసారి మీ సంతకం చెల్లదు కాకా. ఆమే రావాలి" అంది. అనవలసిన మాటే.

కాబట్టి తొమ్మిదో తారీకు రాత్రి మహాలక్ష్మి ఎక్స్‌ప్రెస్ ఎక్కు. రిజర్వేషన్ చేయించడానికి సదాశివని స్టేషనుకి పంపు, బుర్రలు ఒక రోజు ఆగుతాయి. ముందు గది చూడు, స్నానాలగది చూడు, తర్వాత ఒక పొద్దున ఇక్కడికి వచ్చి ఆ ఏడింటి రైలూ చూడు. నీకు ఏది నచ్చితే అదే. నా అభిప్రాయం అడక్కు, అడిగినా చెప్పను.

గదే కావాలంటావా, ఈ పదకొండు నెలలూ ఇక్కడ నేనూ బుర్రలూ ఉంటాం. సదాశివ రోజూ పొద్దున మీ దగ్గర్నుంచి ఇటు పనికి రావచ్చు. ఇటువైపు వచ్చే రైలు దాదర్‌లో దాదాపు ఖాళీగా ఉంటుంది. నేను చూశాను, మామూలు పనిరోజునే చూశాను. మీ ఆయనకి కిటికీ సీటు గ్యారంటీ. ఉల్లాస్‌నగర్‌లో మావశి ఎక్కితే కాస్త జరగమను.

నన్ను క్షమించానని మాత్రం రాయకు. నువ్వు తొందరపడి క్షమిస్తావు, అది మీ అమ్మ గుణం. నువ్వు గీసిన గీతని దాటి వెళ్ళాను కదా, దానికి వచ్చి ఎదురుగా కోప్పడు. సంతకం అయ్యాకే కోప్పడు, ఆఫీసు ఒంటిగంటకి మూసేస్తారు.

ఇట్లు,
నీ తరఫున ఇక ఎక్కడా సంతకం పెట్టని
నీ బాబా,
ధోండిరాం